నేల అదరాలె

చెప్పులు విప్పి, దశరథం దుకాణం చివరి గోడ దాకా నడిచి, వట్టి కాళ్లతో బండల మీద నిలబడ్డాడు.

"ఇగ పెట్టు," అన్నాడు.

జగిత్యాల బస్టాండు వెనక సందులో దివాకర్‌ది సౌండు దుకాణం. ఇళ్లలో పెట్టుకునే స్పీకర్లకు పెట్టెలు తానే చెక్క కోసి తయారు చేస్తాడు. వచ్చిన మనిషి వాలకం వింతగా ఉన్నా, పాట మొదలుపెట్టాడు.

దశరథం కళ్లు మూసుకుని కాసేపు విని పెదవి విరిచాడు. "గీసొంటియి మా ఇంట్ల ఉన్నయి. చెవులకు అస్తున్నది, కాళ్లకు అస్తలేదు."

"పాట కాళ్లతోని వింటరా కాకా ఎవలన్న?"

"నేను వింట."

పక్కనే ఉన్న అనూష తల పట్టుకుంది. దశరథానికి ఒక్కతే బిడ్డ, కోరుట్లలో టీచరు. తండ్రిని ఆపడానికే బడికి సెలవు పెట్టి వచ్చింది. కానీ సిరిసిల్ల నుంచి ఆయన అప్పటికే బస్సెక్కి జగిత్యాలలో దిగిపోయాడు.

"మా బాపుకు సాంచాల మధ్యన పనిజేసి చెవులు మందమైనయన్నా," అని సర్దిచెప్పింది. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. దాని చప్పుడులో నలభై ఏళ్లు బతికిన మనిషి అనగానే దివాకర్ గొంతు పెంచి మాట్లాడటం మొదలుపెట్టాడు.

"ఒర్రకు తమ్మీ, నాకు మంచిగనే వినబడ్తది," అన్నాడు దశరథం. "గా మూలకున్నయి ఏంది?"

మూలన ఛాతీ ఎత్తు పెట్టెలు రెండున్నాయి. లోపల చెక్క గొట్టం మెలికలు తిరిగి, ముందుకొచ్చేసరికి బూర మూతిలా విచ్చుకుని ఉంది.

"హారన్ పెట్టెలు. ఇండ్లల్ల ఎవలు పెట్టుకుంటరు కాకా, సగం అర్ర గవే నిండుతయి."

"పెట్టు."

పెట్టాడు. చెవులకు పెద్ద తేడా తెలియలేదు గానీ, కాళ్ల కింద బండలు అదిరాయి. అదురు మోకాళ్ల దాకా పాకింది. దశరథం మొహం విప్పారింది.

"గివే కావాలె."

"బాపూ, ఉన్నయి సాలు," అంది అనూష. "అమ్మకు నచ్చజెప్పు. నాలుగొద్దులు బాధపడ్తది, తర్వాత అలవాటైతది. ఎన్ని దినాలు గిట్ల నడిపిస్తవ్?"

"నా పానం ఉన్నన్ని దినాలు."

దశరథం భార్య చిన్నవ్వ చూపును షుగరు ఏనాడో తినేసింది. పోయినేడు తుంటి విరిగి, కరీంనగర్ ఆస్పత్రిలో నెల రోజులుండి వచ్చింది. అప్పటినుంచి మంచం దిగలేదు. ఆమెకు మిగిలినవి చెవులే, అవి మాత్రం పాము చెవులు. ఇంట్లో ఆ మోత వినిపిస్తుంటేనే నాలుగు ముద్దలు మింగుతుంది. అలాంటిది, నాలుగు రోజుల కిందట కంచం పక్కకు నెట్టి, "చప్పుడు సన్నబడ్డదేందయ్యా? మన పని అయిపోయినట్టేనా?" అని అడిగింది. అప్పటినుంచి మజ్జిగ తప్ప ఏమీ గొంతు దిగలేదు.

దశరథానికి కడుపు మండిపోయింది. లోకమంతా ఒక్కటై అయిపోయిందన్నా సరే, ఆ మంచం దగ్గర మాత్రం అయిపోనిచ్చేది లేదు. "అయిపోలే," అని భార్యకు చెప్పి, జగిత్యాల బస్సెక్కాడు.

దివాకర్ కొలతలు రాసుకోవడానికి పెన్ను తీశాడు. "మీ హాలు ఎంత పెద్దది కాకా?"

"హాల్ల కాదు. ఎనుక షెడ్డుల పెడ్త."

"షెడ్డుల కూసోని వింటరా?"

"వినేది ముందటి అర్రల."

దివాకర్ పెన్ను పక్కన పెట్టాడు. "స్పీకర్లు ఒక కాడ, వినెటోళ్లు ఒక కాడనా?"

"నా ఇల్లు, నా ఇష్టం."

"పక్కింటోళ్లు కొట్లాటకు అస్తరు మరి."

"మా గల్లీల ఒక్కడు కూడ నోరు తెరువడు."

"సరే. ఇన్వర్టర్ కూడ తీసుకో, కరెంటు పోయినా ఆగది."

"వద్దు. కరెంటు పోతే ఆగాలె. పొద్దున ఎన్మిదికి షురూ, ఒంటిగంటకు బంద్, మల్ల రెండింటికి షురూ."

"పాటలు వినుడా, డ్యూటీ జేసుడా?" దివాకర్ నవ్వాపుకోలేకపోయాడు. "ఏ పాట ఎక్కువ వింటవో చెప్పు, దానికి తగ్గట్టు సెట్ జేస్త."

"ఒక్కటే. నలభై ఏండ్ల సంది గదే."

అనూష మొహం పక్కకు తిప్పుకుంది. తర్వాత తనే, "ఈయన వినడు. ట్రాలీ మాట్లాడన్నా," అంది.

మర్నాడు పొద్దున సరిగ్గా ఎనిమిదికి దశరథం షెడ్డులో మీట నొక్కి, ముందు గదిలోకి వచ్చాడు. అనూష మంచం పక్కన నిలబడి తల్లి మొహమే చూస్తోంది.

గచ్చు అదిరింది. మంచం కోళ్లు అదిరాయి. చిన్నవ్వ దిండు మీది నుంచి తలెత్తి, మంచం పట్టెను వేళ్లతో తడిమింది. దశరథం, ఎవరు అడ్డమొచ్చినా కలబడేవాడిలా గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎవడన్నడు మన పని అయిపోయిందని?" అంది చిన్నవ్వ. "అన్నం పెట్టు బిడ్డా. పచ్చిపులుసు ఉంటే పొయ్యి."

అనూష కళ్లు తుడుచుకుంటూ వంటింట్లోకి నడిచింది. దశరథం వచ్చి మంచం మీద కూర్చున్నాడు. చిన్నవ్వ ఆయన చెయ్యి వెతికి పట్టుకుంది.

"మన ఎన్మిది సాంచాలు గిట్ల ఒక్కతీరుగ నడిసి ఎన్ని దినాలైందయ్యా," అంది.

ఆమె ఆస్పత్రిలో ఉండగానే ఆ ఎనిమిదీ పాత ఇనుముకు అమ్ముడుపోయాయి.