మూడు మౌసులూ ఒక టచ్ స్క్రీనూ

“దీనికి టచ్ స్క్రీన్ కావాల,” అంటూ పద్మనాభయ్య సీపీయూ డబ్బాను సాదిక్ షాపు బల్ల మీద దించాడు. వాకాడు నుంచి కోట దాకా బస్సులో దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని వచ్చాడు.

సాదిక్ డబ్బాను చుట్టూ తిప్పి చూశాడు. పద్నాలుగేళ్ళ సరుకు. తిప్పిన చేతికి పసుపంటింది.

“దీనికా?”

“ఏం, దీనికేం తక్కువ?”

“తక్కువేం లేదన్నా, వయసే ఎక్కువ. ఇది అమ్మితే పదిహేను వందలు రావు. దీనికి తగిలే టచ్ మానిటర్ కోసం నెల్లూరంతా గాలించాల. పద్దెనిమిది వేలవుద్ది. అదంతా ఎందుకు, ఇంకో మౌసు తీసుకోండి.”

మౌసు మాట వినగానే పద్మనాభయ్యకు ఒళ్ళు మండింది. ఈ నెలలో ఆ షాపులో కొన్నవే మూడు. ప్రతిదీ కొన్న సాయంత్రం బ్రహ్మాండంగా పరుగెత్తేది. మర్నాడు పొద్దున కూర్చునేసరికి బాణం గుర్తు స్క్రీను మధ్యలో మేకు కొట్టినట్టు నిలబడిపోయేది.

“కింద లైటుకు దుమ్ము పట్టిందేమో చూసినారా అన్నా?”

“కొత్త మౌసుకు ఒక్క రాత్రిలో దుమ్మేంది? లోపం మౌసులో లేదయ్యా. డబ్బా పాతది, కొత్త మౌసు దానికి పడటంలా. నేను తేల్చేసినా.”

“పోనీ ఆ మూడూ తెచ్చియ్యండి, చూసి మార్చిస్తా.”

“ఎప్పుడో పారేసినా. వాకాట్లో అందరికన్నా ముందు కంప్యూటర్ కొన్నోణ్ణి, నాకే చెప్తావా?”

కొన్న మాట నిజమే. ఊళ్ళో కంప్యూటర్ తెలిసిన మనిషి అంటే ఆయనే. కరెంటు బిల్లు కట్టాలన్నా, ప్రింటు కాగితం తీయాలన్నా అందరూ ఆయన గడపే ఎక్కేవారు. ఇప్పుడు వాళ్ళంతా ఆ పనులు ఫోన్లోనే చేసుకుంటున్నారు గానీ, ఆ సంగతి ఆయన ముందు అనే ధైర్యం ఎవరికీ లేదు.

“సరే, మానిటర్ తెప్పిస్తా. దాన్ని మాత్రం వెనక్కి తీసుకోనన్నా, ముందే చెప్తున్నా.”

“వెనక్కిచ్చే మొహంలా కనపడతా ఉండానా?”

ఆ పద్దెనిమిది వేలూ ఫ్రిజ్ కోసం దాచినవి. ఇంట్లో ఉన్న ఫ్రిజ్ ఎండలు ముదరకముందే కన్నుమూసింది. భార్య రాఘవమ్మ పాలగిన్నె పట్టుకుని రోజూ రెండు పూటలా పక్కింటికి తిరుగుతోంది. పక్కింటావిడ మొహం చిట్లించడం మొదలుపెట్టి కూడా వారమైంది. అయితేనేం, ఫ్రిజ్ లేకపోతే పోయేది పాలే. కంప్యూటర్ ఆగితే పోయేది ఆయన పరువు.

పది రోజులకు మానిటర్ దొరికింది. సాదిక్ స్వయంగా వాకాడు వచ్చి బిగించాడు. పద్మనాభయ్య చూపుడువేలు ఆనించగానే తెర మీద బొమ్మ విప్పారింది. ఆయన మొహం కూడా విప్పారింది.

“చూసినావా? ఇంక మౌసుల పీడ వదిలిపోయింది!”

రాఘవమ్మ పాలగిన్నె కింద పెట్టి చూసింది. ఫ్రిజ్ మాట ఎత్తలేదు. “బాగుండాది” అని లోపలికి వెళ్ళి, తడిపిన పసుపూ కుంకుమా తెచ్చింది. ఆ ఇంట్లోకి కుక్కరొచ్చినా, కుర్చీ వచ్చినా ముందు బొట్టు పెట్టాల్సిందే.

పద్మనాభయ్య అడ్డంగా చేతులు చాపాడు. “ఆగు! అద్దం మీద పెట్టినావంటే ఊరుకోను. మొదటి మౌసుకు నెత్తిన బొట్టు పెట్టి నా అరచెయ్యంతా ఎర్ర చేసినావు. ఎంత తిట్టినా నీకు బుద్ధి రాదా?”

సాదిక్ టీ గ్లాసు నోటి దాకా తెచ్చి ఆగాడు. రాఘవమ్మ నొచ్చుకుంది.

“మీరు తిట్టినాక మళ్ళా పైన పెట్టినానా? మూడిట్నీ తిరగేసి, కింద బొక్కలో ఎర్రగా దీపం వెలగతా ఉంటే, సరిగ్గా ఆ దీపం మీదే నిండుగా పెట్టినా. దీనికి ఆ దీపం ఎక్కడుండాదో మీరే చూపించండి.”