వెరికుండ మొక్కు

"అక్షరాలు లోతుగా చెక్కరా సెనోరిక్స్. తడిమితే వేళ్లకి తెలియాలి" అంది వెరికుండ, రాతి మీద చెయ్యి ఆడిస్తూ.

సెనోరిక్స్ ఉలి తీశాడు గానీ చేతులాడలేదు. సామ్రాజ్యపు ఉత్తర సరిహద్దు గోడని కాసే కోట పక్కనే అతని కొట్టు. పైన ముగ్గురమ్మల పేరు, కింద 'మొక్కు తీర్చుకుంది' అన్న మాట ముందే చెక్కిపెట్టిన రాళ్లు అక్కడ ఎప్పుడూ ఉంటాయి. కోరిక తీరినవాళ్లు వచ్చి మధ్యలో పేర్లు వేయించుకుంటారు. తీరని కోరికకి రాయి నిలబెడితే మొక్కినవాళ్లనే కాదు, చెక్కినవాణ్ని కూడా అమ్మలు వదలరు.

"ఇంటికి కొడుకొస్తే రాయి నిలబెడతానన్నాను. వచ్చాడు. ఇంకా నీ నాన్చుడేమిట్రా?"

"తొందరేముంది పెద్దమ్మా? వచ్చి నెలైనా కాలేదు."

"నీకు బద్ధకం, వాడికి సిగ్గు. ఇద్దరూ ఇద్దరే!"

ఆమె కొడుకు బెల్లికస్, సెనోరిక్స్ ఇద్దరూ చిన్నప్పుడు ఈ కొట్లోనే ఆడుకున్నారు. సుత్తి జారి బెల్లికస్ ఎడమ చిటికెన వేలు సగం పోయింది కూడా ఇక్కడే. పటాలంలో చేరి డాన్యూబ్ నది వైపు వెళ్లినవాడు ఇరవయ్యేళ్లకి వచ్చాడని తెలిసి సెనోరిక్స్ పరుగెత్తుకెళ్లాడు. వచ్చినవాడికి పది వేళ్లూ నిండుగా ఉన్నాయి.

చాటుకి పిలిచి నిలదీస్తే ఆ మనిషి భోరుమన్నాడు. "బెల్లికస్ నా ఒళ్లోనే పోయాడు. ఆ కబురు చెప్పిపోదామనే వచ్చానయ్యా. తలుపు తీసి 'వచ్చావా నాయనా' అంది. నోరు పెగల్లేదు. నాకూ ఎవరూ లేరు."

చూపు ఆనని ముసలిది. ఈమధ్యే కడుపునిండా తింటోంది. నిజం చెబితే గుండె పగిలి పోతుంది. చెప్పకుండా చెక్కితే అమ్మల ఎదుటే అబద్ధం ఆడినట్టు. సెనోరిక్స్‌కి ఎటూ పాలుపోలేదు.

"బార్లీ జావ వాడే కాచి పెడతాడు. పొద్దుగూకితే వాడి చేతులు పట్టుకుని కూర్చుంటాను. అమ్మలు నా మొర ఆలకించినట్టే కదరా?"

"ఆలకించినట్టే పెద్దమ్మా" అన్నాడు సెనోరిక్స్. వచ్చే పాపమేదో తన నెత్తినే పడనీ అనుకుని ఉలి ఆనించాడు. 'వెరికుండ, తన కొడుకు' అన్నంతవరకూ చెక్కి, బెల్లికస్ పేరు గీయడానికి సుద్ద తీశాడు.

ముసలావిడ అప్పటిదాకా చెక్కిన అక్షరాల్ని వేళ్లతో తడిమింది.

"చాలు. ఆ పక్కన ఖాళీ వదిలెయ్."

"అదేమిటి? పేరు వద్దా?"

"వాడి అసలు పేరు నాకింకా చెప్పలేదురా."