మాణిక్యాంబ అవునన్న విగ్రహం

“ముక్కు ఆయనది కాదు నాయనా,” అంది మాణిక్యాంబ.

పోయినసారి మీసం తీయించింది, ఆయన పోయేనాటికి ఇంకా రాలేదంది. అంతకుముందు తలపాగా. సంజీవరావు నిట్టూర్చి, బంకమట్టి ముక్కును చెక్క కత్తితో గీకేశాడు.

తెనాలిలో విగ్రహాలు చేసేవాళ్లకు ఒక పద్ధతుంది. ముందు మట్టితో నమూనా చేస్తారు. పోయినవారి తాలూకు మనుషులొచ్చి చూసి, “అవును, ఈయనే” అనాలి. ఆ మాట పడితేగానీ అచ్చు తియ్యరు, సిమెంటు కలపరు. డెబ్బైకి దగ్గరపడ్డ ఈ పెద్దావిడ నోట ఆ ఒక్క ముక్క రావడం లేదు.

అమృతలూరు పక్క పల్లెలో బడి కోసం ఆవిడ తన పొలమంతా రాసిచ్చింది. బడి ముందు భర్త విగ్రహం పెట్టమని మాత్రం అడిగింది.

“ఫొటో లేదండి,” అని హెడ్మాస్టరు పున్నారావు మొదటిరోజే చెప్పాడు. “ఆయన పోయి అరవై ఏళ్ల పైమాటే. అయినవాళ్లలో ఈవిడొక్కరే మిగిలారు. పోయేలోగా ఆయన్ని మళ్లీ ఒకసారి కళ్లారా చూసుకోవాలని ఆశ. మీరే ఎట్లాగో కానివ్వాలి.”

సంజీవరావు మద్రాసులో శిల్పం నేర్చుకున్నాడు. ముక్కూ మొహం లేని ఆధునిక శిల్పాలకు అక్కడ మెప్పులొచ్చాయి. పందొమ్మిది వందల అరవై ఆరులో తెనాలి తిరిగొచ్చి అలాంటిదొకటి వాకిట్లో పెడితే, రోలు ఎంతకిస్తావని అడిగారు. అప్పట్నుంచీ పొట్టకోసం నాయకుల విగ్రహాలకు బుగ్గలు నునుపు చేస్తున్నాడు. తన పనిని అర్థం చేసుకునే మనిషి ఒక్కరైనా లేరే అన్న దిగులు మాత్రం అన్నంలో రాయిలా తగులుతూనే ఉంది.

“పోనీ, కళ్లు పెద్దవా అమ్మా?”

ఆవిడ బస్సు వేళ దాకా స్టూలు మీద కూర్చుని ఆ మట్టినే చూసింది. చూసేకొద్దీ మొహం చిన్నబోయింది. అతనికి జాలీ వేసింది, ఒళ్లూ మండింది.

ఆ పైవారం పున్నారావు కూడా వెంట వచ్చాడు.

“విగ్రహం ఆవిష్కరించడానికి మంత్రిగారొచ్చే రోజు దగ్గరపడింది పిన్నిగారూ. ఏదో ఒకటి అవుననండి.”

“పరాయి మొహానికి దండ వెయ్యమంటావా పున్నారావూ?” అంది ఆవిడ.

సంజీవరావుకు ఓపిక చచ్చింది. చేతులు తడిపి మొహమంతా చెరిపేశాడు. కోపంతోనే మొదలుపెట్టాడు గానీ, చెరుపుతుండగా చేతులకు పాత పని గుర్తొచ్చింది. ఆపేసరికి కాస్త వంగిన మెడ, నున్నటి తల, ఒకవైపు జారిన భుజం మిగిలాయి.

మాణిక్యాంబ లేచి నిలబడింది. కొంగుతో కళ్లొత్తుకుంది.

“అవును. ఈయనే.”

“మొహమే లేదు కదండి,” అన్నాడు పున్నారావు. “బొట్టెక్కడ పెడతారు?”

“ఇన్నేళ్లూ కళ్లు మూసుకుంటే నాకు కనపడింది ఇట్లాగే. అచ్చు తియ్యమను.”

మంత్రిగారికి ఏం చెప్పాలో తెలియక, హెడ్మాస్టరు తల పట్టుకుని టీ తాగడానికి వెళ్లాడు. సంజీవరావుకు మాత్రం గుండె నిండిపోయింది. తెనాలి వచ్చాక తన శిల్పం తెలిసిన మనిషి ఇన్నాళ్లకు దొరికింది. ఆ ముచ్చట ఆవిడ నోటే ఇంకోసారి వినాలనిపించింది.

“మొహం లేకపోయినా ఎట్లా గుర్తుపట్టారమ్మా?”

ఆవిడ ఆ నున్నటి మట్టిని వేలితో తాకీ తాకనట్టు తాకింది.

“తాళి కట్టేవేళకి నిద్రపోయాను నాయనా, కాపురానికి వెళ్లకముందే పోయారు. ఆయన మొహం ఎన్నడూ చూళ్లేదు.”