మేకుకు వేలాడిన పుస్తకం

"పెద్దాయనా, అలా లాగితే మేకు ఊడొస్తుంది."

ముసలాయన తల తిప్పలేదు. తడి టోపీ చంకలో పెట్టుకుని, గోడకి వేలాడుతున్న పుస్తకంలో నలభై మూడో పేజీ చదువుతున్నాడు.

"ఊడదులే. ఆరేళ్ళ కసి అంతా సుత్తిలోకి తెచ్చి కొట్టినట్టున్నావు" అన్నాడు.

ఆ పుస్తకం రాసిన స్టాఫన్‌కి ఒళ్ళు మండింది.

ఇప్పుడంటే కంప్యూటర్ తెర మీదే కానిచ్చేస్తున్నారు గానీ, ఆ రోజుల్లో మేకంటే మేకే. పరిశోధన పుస్తకం అచ్చయ్యాక, డాక్టరేటు పరీక్షకి మూడు వారాల ముందు, రాసినవాడే సుత్తి పట్టుకుని దాన్ని విశ్వవిద్యాలయం వరండాలోని చెక్కపలకకి దిగ్గొట్టాలి. ఎవరైనా వచ్చి చదవొచ్చు. పరీక్షనాడు నిండు సభలో లేచి తప్పు పట్టొచ్చు.

పట్టొచ్చు గానీ, చదివిన నరమానవుణ్ణి స్టాఫన్ అక్కడ ఎన్నడూ చూడలేదు. జనం అక్కడ ఆగేది గొడుగు దులుపుకోడానికే. దక్షిణ స్వీడన్‌లో స్కోనె వాన అలాంటిది. ఆ అక్టోబరులో గొడుగుకి గొడుగు పట్టుకుని తిరిగినవాళ్ళున్నారు.

"ఎవరాయన?" అని ఆఫీసులో పనిచేసే గున్‌వోర్‌ని అడిగాడు స్టాఫన్.

"ఆల్గట్. పోస్ట్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. పలక మీద ఏది వేలాడినా ఆఖరి పేజీ దాకా చదువుతాడు. పాపం, నీదీ చదువుతున్నాడు."

"పంచడానికి ఉత్తరాల్లేక కాబోలు."

గున్‌వోర్ నవ్వలేదు.

స్టాఫన్ పుస్తకం గెలాక్సీల గురించి. గుండ్రటివి, చక్రాల్లాంటివి, గుంపులో బతికేవి, ఒంటరిగా తిరిగేవి. వేటిలో లోహాలు ఎక్కువ అన్నది లెక్క. ఆకాశం చదివేవాళ్ళకి మనం పీల్చే ప్రాణవాయువు కూడా లోహమే, వాళ్ళతో వాదించలేం. గుంపులో ఉన్నవాటికి లోహాలు రెట్టింపని స్టాఫన్ తేల్చాడు. ఆరేళ్ళ శ్రమ. ఆ మాట నిలబడితే పట్టా, ఉద్యోగం. పడిపోతే ఆరేళ్ళూ వానలో పోసినట్టే.

మర్నాడు కాఫీ వేళకి ఆల్గట్ దాల్చినచెక్క బన్నుతో వచ్చాడు. చుట్టలు చుట్టలుగా ఉన్న పెద్ద బన్ను.

"దగ్గరున్నవాటికీ, దూరంగా ఉన్నవాటికీ ఒకటే చీలికా, అబ్బాయ్?"

టెలిస్కోపు చివర వెలుగుని లోపలికి వదిలే సన్నటి సందు గురించి అడుగుతున్నాడు.

"ఒకటే. అందరికీ ఒకే కొలత. న్యాయం కదా."

ఆల్గట్ బన్ను నడిమి ముక్క తుంచి అతని చేతిలో పెట్టాడు. "తిను."

తిన్నాడు.

"ఎలా ఉంది?"

"తియ్యగా ఉంది."

"ఇప్పుడు అంచు తిను."

"ఉత్త పిండి."

"నువ్వు తీసుకున్న గుంపులు దగ్గరివి. పెద్దగా కనపడతాయి. నీ చీలికలో వాటి నడుమ ఒక్కటే పడింది. ఒంటరివి దూరానివి, చిన్నవి. అంచులతో సహా పడ్డాయి. గుంపువాటి నడుమ మాత్రం రుచి చూసి, ఒంటరివాటిని మొత్తంగా రుచి చూసి, గుంపులో ఉంటేనే తీపి అంటే ఎలాగయ్యా?"

స్టాఫన్ ముఖం ఎర్రబడింది.

"పోస్ట్‌మన్ చిరునామా వరకే చూడాలి, పెద్దాయనా. లోపలిది చదవకూడదు."

ఆల్గట్ నవ్వాడు. "నిజమే" అన్నాడు. టోపీ పెట్టుకుని వానలోకి వెళ్ళిపోయాడు.

కానీ ఆ ముక్క స్టాఫన్‌కి అరగలేదు. గది తలుపేసుకుని నలభై ఒక్క గెలాక్సీల వర్ణపటాలూ మళ్ళీ తీశాడు. ఈసారి, చీలికని అంచుల మీదికి జరిపి తీసి, పనికిరావని పక్కన పడేసిన వర్ణపటాలు కూడా వెతికి, దగ్గరివాటి అంచులు కూడా కలిపి కొలిచాడు. తొమ్మిది రోజులు పట్టింది. రెట్టింపు తేడా సగానికి పడిపోయింది. కానీ మిగిలింది. లోహాల లెక్కలో గుంపు చేసే పని కొంత, గుండ్రమా చక్రమా అన్న రూపం చెప్పేది ఎక్కువ.

తప్పొప్పుల పట్టిక రెండు పేజీలు అచ్చు వేయించి, మూడు వందల పుస్తకాల్లోనూ తనే దూర్చాడు.

ఆల్గట్ మాత్రం మళ్ళీ పలక దగ్గరికి రాలేదు.

"పరీక్ష అయ్యాక వెళ్ళి కలుద్దాంలే" అనుకున్నాడు స్టాఫన్.

పరీక్షనాడు ప్రశ్నలు వేయడానికి వేరే ఊరినుంచి ప్రొఫెసర్ ఎలోఫ్ వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. ఆయన ప్రశ్న పడితే మూడు రోజులు జ్వరమని పేరు. రెండు గంటలు అవీ ఇవీ అడిగాడు. తర్వాత కళ్ళజోడు తీసి మెల్లగా అన్నాడు.

"దగ్గరివాటికీ, దూరపువాటికీ ఒకటే చీలిక వాడావు కదా?"



స్టాఫన్ తప్పొప్పుల పట్టిక తెరిచి, రెండో పేజీ చదివాడు.

ఎలోఫ్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "ఇక నేను అడిగేదేమీ లేదు" అన్నాడు.

పట్టా వచ్చింది.

విందులో ఎలోఫ్ అతని పక్కన కూర్చున్నాడు. "ఆ మాట నీకు నీకే తట్టిందా?"

"లేదండీ. ఆల్గట్ అని ఒక పోస్ట్‌మన్ చెప్పాడు. వెటకారం చేశాను. రేపు వెళ్ళి క్షమించమని అడగాలి."

ఎదుట కూర్చున్న గున్‌వోర్ ఫోర్కు కింద పెట్టింది. "బుధవారం ఆసుపత్రిలో పోయాడు, స్టాఫన్. పరీక్షకి ముందు నీకు చెప్పలేకపోయాను."



"ఆల్గట్ షోస్ట్రాండా?" అన్నాడు ఎలోఫ్.

"ఆయనే. మీరెరుగుదురా?"

"ముప్పై తొమ్మిదేళ్ళ కిందట, అతని డాక్టరేటు పరీక్షలో ఇదే ప్రశ్న అతన్ని అడిగాను. అప్పుడు లోహాలు కొలవలేం, రంగులు కొలిచేవాళ్ళం. 'నాకు తెలీదు' అన్నాడు. నిజం చెప్పాడు. నేను తక్కువ గ్రేడు వేయమన్నాను. ఆ రోజుల్లో తక్కువ గ్రేడంటే విశ్వవిద్యాలయం తలుపు మూసేసినట్టే."

ఎలోఫ్ గ్లాసు పక్కకి జరిపాడు.

"జవాబు అప్పుడు నాకూ తెలీదు, అబ్బాయ్. ఆర్నెల్లకి అతనే కనిపెట్టి నాకు రాసి పంపాడు, ఇన్నేళ్ళూ నేను నా విద్యార్థులకి చెప్పిన పాఠం అదే."