కుందేలు గంతులు

"కాస్త కదలకుండా కూర్చోలేవా? బంగారంలాంటి ఫోటో పోయింది." గొంతు పైకి రాకుండా విసుక్కున్నాడు ఫోటోగ్రాఫరు.

తిమ్మిరెక్కిన కాలు చాపబోయిన భార్య మళ్ళీ ముడుచుకుంది.

విమానాలు రావడం మానేసిన పాత మైదానం అది. పగుళ్ళిచ్చిన రన్‌వే పక్కన మోకాలెత్తు గడ్డి. ఆ గడ్డిలో నిన్న వేసిన, గడ్డి రంగు గుడ్డతో కుట్టిన చిన్న గుడారం. ఇద్దరు కూర్చుంటే మోకాళ్ళు తగులుతాయి. గుడ్డలో చీలిక లోంచి కెమెరా లెన్సు బయటికి తొంగిచూస్తోంది.

ఆమెని వెంటబెట్టుకు రావాలని అతనికి లేదు. కానీ ఆమె పురిటికి వెళ్ళి, ఒట్టి చేతులతో ఇంటికొచ్చి నెల తిరగలేదు. "రోజంతా గోడకేసి చూస్తూ కూర్చుంటోంది బాబూ, మీతో తీసుకెళ్ళండి. నాలుగు పిట్టల్ని చూస్తే మనసు మళ్ళుతుందేమో," అని అత్తగారు ఒకటే పోరు. నిన్నా తెచ్చాడు, ఇవాళా తెచ్చాడు. నిన్నంతా ఆమె నోరు విప్పలేదు.

"అదిగో, మళ్ళీ వస్తోంది," అన్నాడు.

పొద్దు వాలిన వెలుతురులో గడ్డిని చీల్చుకుంటూ వచ్చింది కుందేలు. వెనక కాళ్ళ మీద నిటారుగా నిలబడి గుడారం వైపు చూసింది. ఉన్నట్టుండి గాల్లోకి ఎగిరింది. బాణంలా అటు పరిగెత్తి, చటుక్కున తిరిగి ఇటు వచ్చింది. వెనక కాళ్ళతో నేలని దబదబా బాదింది.

అతని వేలు ఆగడం లేదు. అడుగుల చప్పుడు వింటే చాలు, తోక చూపించి మాయమైపోయే జాతి అది. ఏళ్ళ తరబడి తిరిగి అతను తీసినవన్నీ కుందేళ్ళ వెనకభాగాలేనని స్నేహితులు ఏడిపించేవాళ్ళు. అలాంటిది ఈ కుందేలు నిన్నటి నుంచి పిలిచినట్టు ఎదురుగా వచ్చి గంతులేస్తోంది.

"చూశావా, ఎలా ఆడుతోందో?"

"ఆడుతోందా?" అంది భార్య.

ఆ ఒక్క మాటకే అతని ప్రాణం లేచొచ్చింది. "మరి? మనకి అలవాటు పడిపోయింది. భయం పోయింది దానికి."

"భయం ఎక్కడ పోయింది? చూడండి, ఒళ్ళంతా ఎలా వణుకుతోందో."

కుందేలు ఇంకా దగ్గరికొచ్చింది. చెయ్యి చాపితే అందేలా ఉంది. ఒక్క క్షణం ఆగి, మళ్ళీ దూరంగా దూకి, మళ్ళీ వచ్చింది.

"ఇక చాలు. లేవండి," అంది ఆమె.

"ఏమిటీ?"

"ఇక్కణ్ణించి వెళ్ళిపోదాం."

"ఇంకాస్త వెలుతురుంది. గాల్లో ఉండగా దాని మొహం కనబడేది ఒక్కటి దొరికితే చాలు, లేద్దాం."

"మీకు దణ్ణం పెడతాను, లేవండి. అది మనల్ని పొమ్మంటోంది."

ఆమె అతని చొక్కా పట్టుకు లాగింది. దుఃఖం మళ్ళీ తిరగబెట్టిందనుకున్నాడతను. సముదాయించేలోపే ఆమె గుడారం లోంచి పాక్కుంటూ బయటికి వెళ్ళింది. కుందేలు ఒక్క దూకులో మాయమైంది. ఆమె నేల మీద కూలబడి గుడారం మేకులు ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టింది.

అతనికి ఎక్కడలేని కోపం వచ్చింది. "బాధ నీకొక్కదానికేనా? నాకు లేదా? ఇల్లూ అలాగే ఉంది, నువ్వూ అలాగే ఉన్నావు. ఈ కాస్త పని కూడా నన్ను చేసుకోనివ్వవా?"

ఆమె గుడారం గుడ్డ పక్కకి లాగేసి, కింద పరిచిన టార్పాలిన్ ఒక కొస పట్టుకుంది.

"అటు పట్టండి."

మొహం ముడుచుకునే పట్టుకుని ఎత్తాడు. మడతపడిన అంచు కింద, గడ్డిలో చిన్న గుంట. అందులో గుప్పెడేసైనా లేని రెండు కుందేలు పిల్లలు. ఒకటి చెవులు వీపుకి అంటించుకుని, కళ్ళు తెరిచి, గుండె టపటపా కొట్టుకుంటుంటే చూస్తోంది. రెండోదానికి చీమలు పట్టాయి.

అతని చేతిలోని టార్పాలిన్ జారిపోబోయింది. నిన్నటి నుంచి వీళ్ళు కూర్చున్నది వాటి ఇంటి మీద. వంగి చెయ్యి చాపబోయాడు.

"ముట్టుకోకండి. మన వాసన తగిలితే తల్లి మళ్ళీ బెదురుతుంది. పదండి."

సామానంతా చేతులకి అందినట్టు పట్టుకుని, దూరంగా రోడ్డు మీద ఆపిన తమ జీపు దాకా వచ్చారు. ఇద్దరూ దాని వెనక నక్కి నిలబడ్డారు. అతను లెన్సుకి కన్ను ఆనించాడు.

కుందేలు వచ్చింది. ఈసారి గంతుల్లేవు, ఎగరడం లేదు. పొట్ట నేలకి రాసుకుంటూ తిన్నగా గుంట దగ్గరికి వెళ్ళి ఒదిగి కూర్చుంది.

"తాగుతోందా?" అడిగింది భార్య.

"తాగుతోంది."

"ఒకటేనా?"

అతను లెన్సు కాస్త తిప్పి మళ్ళీ చూశాడు. "ఒకటే. రెండోదాన్ని మూతితో లేపుతోంది."

ఆమె జీపుకి తల ఆనించింది. అతను కెమెరా దించి ఆమె పక్కన నిలబడ్డాడు. కోపంలో అన్న మాటలు ఎలా వెనక్కి తీసుకోవాలో తెలియలేదు.

"లెన్సు లోంచి దాని వెంట్రుక వెంట్రుకా చూసినవాణ్ణి నేను. అది పిల్లల తల్లని నాకే తట్టలేదు. నీకెలా తెలిసింది?"

ఆమె కప్పుకున్న శాలువా మెల్లగా పక్కకి జరిపింది. రవిక ముందంతా తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది.

"అది అలా వచ్చి నిలబడ్డప్పుడల్లా నాకు పాలు చేపుకొస్తున్నాయండీ," అంది.