రెండో గది ఆకు

"ఇంట్లో మేకలేమైనా పెంచుతున్నావా ఆయమ్మా?" తూకం పళ్ళెంలో గొంగళిపురుగును పుల్లతో దొర్లిస్తూ అడిగాడు సారు.

"మేకలా? ఉండేదే ఒంటి గది బాబూ."

"మరి రెండో గదికి రెట్టింపు ఆకు వేసినట్టు రాస్తున్నావు. పురుగులేమో దారప్పోగుల్లా ఉన్నాయి. ఆకంతా ఎటు పోతోంది?"

పరిశోధనశాలలో గాజు గదులు రెండూ పక్కపక్కనే. రెండింట్లోనూ ఒకే జాతి చెట్లు. మొదటిదాంట్లో మామూలు గాలి. రెండోదాంట్లోకి గొట్టంతో కార్బన్ డయాక్సైడ్ కలుపుతారు. మనవల కాలానికి లోకమంతా గాలి అలాగే అవుతుందట. ఏ గది ఆకు ఆ గది పురుగులకే తూచి వెయ్యడం ఆయమ్మ పని. ఆరేళ్ళుగా ఒక్క పూట తప్పలేదు.

"అవే తింటున్నాయి బాబూ. పొద్దస్తమానం నములుతూనే ఉంటాయి. ఆ ఆకుకు ఏపే గాని సత్తువ లేదు. కడుపు నిండుతుంది, ఒంటికి పట్టదు. సగానికి సగం గూడు కట్టకముందే పోతున్నాయి. మూడేళ్ళుగా నా పుస్తకంలో రాస్తూనే ఉన్నాను."

సారు గుమ్మంలో ఉన్న గుమాస్తా వైపు తిరిగాడు. "విన్నావా? చేటంత ఆకులో సత్తువ లేదట! పట్టా ఎక్కడ పుచ్చుకుంది, కూరగాయల బజార్లోనా?"

గుమాస్తా నవ్వాడు. నవ్వకపోతే ఊరుకునే మనిషా సారు?

"నేను దొంగను కాదు. కావాలంటే నాలుగు రోజులు మీరే మేపి చూడండి."

"పురుగులు మేపడానికా నేనింత చదివింది? నీ వయసు చూసి వదిలేస్తున్నాను. ఆ పుస్తకం ఇటిచ్చి, రేపట్నుంచి రాకు."

ఇచ్చేసింది. గాజుకు ముఖం ఆనించి, "నమలండమ్మా, నమలండి," అని గొణిగి, వెనక్కి చూడకుండా వచ్చేసింది.

రెండు నెలల తర్వాత బజార్లో గుమాస్తా ఎదురుపడి ఓ పత్రిక చేతిలో పెట్టాడు. అందులో సారు రాసిన వ్యాసం, పక్కనే ఆయన ఫొటో, ముఖం నిండా గొప్ప.

"నీ మాటే నిజమైంది ఆయమ్మా! ఆకు పెరుగుతుందట, సత్తువ తగ్గుతుందట, పురుగు ఎంత తిన్నా చిక్కిపోతుందట. ఆయన కనిపెట్టాడని ఒకటే సన్మానాలు."

ఆయమ్మ గుండె బరువు దిగింది. "పోన్లే నాయనా. నన్ను పంపేశాక తనే మేపి చూసుంటాడు. అప్పటికిగాని తెలిసొచ్చినట్టు లేదు పెద్ద చదువుకి. ఇప్పుడైనా నేను దొంగను కానని తేలిందిగా?"

గుమాస్తా తల దించుకుని వ్యాసం అడుగున వేలు పెట్టి చూపించాడు.

ఆమె కళ్ళజోడు సర్దుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. అన్నిటికన్నా అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో, వ్యాసం పత్రికకు అందిన తేదీ ఉంది.

ఆమెను వెళ్ళగొట్టిన రోజుకు సరిగ్గా నెల ముందు.