ఇంట్లో అడిగి చెప్తా

“పంచమం మెట్టు జర బిగుసుకున్నట్టున్నదమ్మా. ఇంట్ల అడిగి చెప్త.”

ఎల్బీనగర్‌లో వేదవతి ఇంట్లో కూర్చుని బిక్షపతి ఈ మాట అనడం ఇది మొదటిసారి కాదు. పోయిన వారం మధ్యమానికి వంక పెట్టాడు. అంతకుముందు తిత్తికి పెట్టాడు. హార్మోనియం మాత్రం మొదటిరోజూ బాగానే ఉంది, ఇప్పుడూ బాగానే ఉంది. బాగాలేనిది బిక్షపతి బుద్ధి.

అతనికి హార్మోనియం కొనే ఉద్దేశం లేదు. ఏనాడూ లేదు.

పోచంపల్లిలో తండ్రి భజనల్లో హార్మోనియం పెట్టె వాయించేవాడు. ఆయన పక్కన కూర్చునే నేర్చుకున్నాడు. పట్నం వచ్చాక అల్మాస్‌గూడలో ఒంటిగది కిరాయి. గోడకు మేకు కొడితేనే ఇంటి ఓనరు గొడవకు వస్తాడు, ఇక సరిగమలకు ఊరుకుంటాడా? కానీ వేళ్ళు వింటాయా? అందుకని ఫోన్‌లో పాత వాయిద్యాల ప్రకటనలు వెతుకుతాడు. చంపాపేట అనీ, నాగోల్ అనీ లేదు. ఎక్కడ పెట్టె అమ్మకానికి కనబడితే అక్కడికి కొనేవాడిలా వెళ్తాడు. శ్రుతి చూసే నెపంతో కడుపునిండా వాయిస్తాడు. ఆ తర్వాత ఏదో ఒక వంక.

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకునేటప్పుడు మాత్రం తల ఎత్తలేడు. సిగ్గుతో చచ్చిపోతాడు. మళ్ళీ వారం సెలవు రాగానే బతుకుతాడు.

తమాషా ఏమిటంటే, ఈయనగారు దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపు సేల్స్‌మన్. కొండంత చీరలు విప్పించి “మళ్ళీ వస్తాం” అని లేచిపోయేవాళ్ళను, వాళ్ళు మెట్లు దిగకముందే తిట్టుకునే మనిషి.

మిగతా ఇళ్ళకు ఒక్కసారే వెళ్ళేవాడు. వేదవతి పెట్టిన ప్రకటన చూసి వచ్చిన ఈ ఇంటికే అలవాటు పడ్డాడు. పెట్టె తన భర్త జోగారావుదని వేదవతి మొదటిరోజే చెప్పింది. రాజమండ్రి వైపు నాటకాలకు వాయించేవారట. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి లేవడం లేదు. లోపలి గదిలో మంచం మీదే ఉంటారు. ఇంట్లో ఇంకెవరికీ వాయించడం రాదు, ఊరికే మూలన పడుంటే ఏం లాభమని అమ్మేస్తున్నామంది. ధర అడిగితే, ముందు మీకు నచ్చనివ్వండి అనేది. టీ ఇచ్చేది. ఒకసారి ఉప్మా కూడా పెట్టింది.

ఆ ఉప్మా బిక్షపతికి ఇప్పటికీ అరగలేదు.

ఈసారి అతను లేవబోతుంటే వేదవతి అంది. “నాగోల్ నుంచి ఎవరో ఫోన్ చేశారండీ, ఇవాళే డబ్బిచ్చి పట్టుకెళ్తామని. మీరు చూస్తున్నారు కదా, వద్దన్నాను.”

బిక్షపతి లోపలి గదివైపు చూశాడు. మంచాన పడ్డ మనిషి ఉన్న ఇల్లు. తన వేళ్ళ దురద తీరడానికి వాళ్ళ నోటి దగ్గర బేరం చెడగొట్టాడు. అప్పుడైనా నిజం చెప్పాలి. కానీ సరేనమ్మా అని తలూపి బయటపడ్డాడు.

ఆ వారంలోనే షాపుకి ఓ కుటుంబం వచ్చింది. పెళ్ళి చీరలు కావాలన్నారు. బిక్షపతి ఉత్సాహంగా ఇక్కత్ చీర విప్పాడు. ఆ ఇంటి పెద్దమనిషి చీర వైపు చూడలేదు. బిక్షపతి మొహమే చూస్తున్నాడు. చంపాపేట మట్టయ్య అని గుర్తుపట్టి, బిక్షపతి చీర మడతల్లోకి మొహం దించాడు.

“నువ్వు మా ఇంటికి పెట్టె కొంటనని ఒచ్చినోడివి కదా?” అన్నాడు మట్టయ్య. “గంటసేపు వాయించి, చాయ్ తాగి, ఇంట్ల అడిగి చెప్త అని పోయినవ్. పాత పెట్టెలు అమ్మేటోళ్ళ గ్రూపుల అప్పుడే నీ నంబరు పెట్టిన. వాయించుడు మస్తు వాయిస్తడు, కొనుడే ఉండదు, జర పైలం అని రాసిన.”

కౌంటర్లన్నీ ఇటే తిరిగాయి. మట్టయ్య అంతటితో వదల్లేదు. అరల్లో ఉన్న చీరలన్నీ దింపించాడు. ఒక్కొక్కటే విప్పించాడు. చివరికి తాపీగా లేచి, ఇంట్లో అడిగి చెప్తామన్నాడు. ఇంట్లోవాళ్ళంతా పక్కనే కూర్చునున్నారు.

షాపంతా నవ్వింది, ఓనరు తప్ప. బిక్షపతి ఆ సాయంత్రమంతా తల వంచుకుని, మడతపెట్టిన చీరే మళ్ళీ మడతపెట్టాడు.

సెలవు రోజున ఎల్బీనగర్ వెళ్ళాడు. వాయించడానికి కాదు. వేదవతి అప్పటికే చాప పరిచి పెట్టె దించింది. లోపలి గది తలుపు ఎప్పట్లాగే బార్లా తెరిచి ఉంది. బిక్షపతి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

“నేను కొననమ్మా. కొనాలని ఎన్నడనుకోలే. ఊకె వాయించనీకె ఒచ్చిన. మీకు అబద్ధం చెప్పి మీ ఇంట్ల తిన్న. ఆ నాగోలోళ్ళకు ఫోన్ చేసి పెట్టె ఇచ్చేయుండ్రి.”

మిగిలింది కూడా కక్కేశాడు.

“అమ్మేటోళ్ళ గ్రూపుల నా నంబరు గూడ పెట్టిండ్రమ్మా, పైలం అని. మీరు చూసినట్టు లేరు. చూస్తే నన్ను గడప తొక్కనిచ్చేటోళ్ళు కాదు.”

వేదవతి లోపలి గదివైపు ఒకసారి చూసింది. తర్వాత చాప అతనివైపు జరిపింది.

“కూర్చోండి బిక్షపతి గారూ,” అంది. “ఆ గ్రూపులో మీరు బాగా వాయిస్తారని చదివాకేనండీ, ఈయన నాచేత ఆ ప్రకటన పెట్టించింది.”